మ్యూజిక్ సీడీలో ఫైళ్లుండవు

మా బావగారు ఒక సాయంత్రం పెన్‌డ్రైవు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. తన దగ్గరున్న పాత మ్యూజిక్ సీడీలు అరవైనీ ఒక్క పూటలో అందులోకి ఎక్కించారట. తీరా ఇంకో కంప్యూటరులో పెట్టి చూస్తే ఒక్క పాటా పలకలేదట. తెరిచి చూశాను. ఆల్బమ్‌కొక ఫోల్డరు చొప్పున అన్నీ ఒద్దికగా పేర్చి ఉన్నాయి. ప్రతి ఫోల్డరులోనూ ట్రాక్ 01, ట్రాక్ 02 అంటూ వరసగా సీడీఏ ఫైళ్లున్నాయి. ఒక్కొక్క దాని సైజు సరిగ్గా 44 బైట్లు. అరవై సీడీల సంగీతమంతా కలిపినా ఒక చిన్న ఫొటో అంత లేదు.

"అంత తొందరగా కాపీ అవుతుంటే కంప్యూటరు కొత్తది కదా, అందుకే కాబోలు అనుకున్నానోయ్" అన్నారాయన.

ఆయన చేసిన తప్పేమిటో చెప్పడానికి నాకు వెంటనే నోరు రాలేదు, ఎందుకంటే నిజానికి ఆయన తప్పేమీ చేయలేదు. విండోస్‌లో సీడీ తెరిచారు, కనిపించిన ఫైళ్లను కాపీ చేశారు, వేరే చోట పేస్ట్ చేశారు. ఏ ఎర్రరూ రాలేదు. డేటా సీడీ అయితే ఈ పద్ధతి నూటికి నూరుపాళ్లూ సరైనదే. కాని సీడీఏ ఫైలు పాట కాదు. డిస్కు మీద ఫలానా ట్రాకు ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపు సాగుతుందో చెప్పే నాలుగు అంకెలను విండోస్ తానే ఒక ఫైలులా అప్పటికప్పుడు అల్లి చూపిస్తుంది. డిస్కు మీద అటువంటి ఫైలు లేనే లేదు. గ్రంథాలయంలో పుస్తకం ఉన్న బీరువా నంబరు రాసుకున్న చీటీని జేబులో వేసుకుని, ఇంటికెళ్లి ఆ చీటీలో కథ చదవబోయినట్టుంటుంది ఈ కాపీ వ్యవహారం.

ఇంట్లో కంప్యూటరు మీద మ్యూజిక్ సీడీలను రిప్ చేసేటప్పుడూ (అంటే డిస్కులోని పాటలను కంప్యూటరు ఫైళ్లుగా తీసుకునేటప్పుడూ), రైట్ చేసేటప్పుడూ (ఖాళీ డిస్కు మీద రాసేటప్పుడూ) ఎదురయ్యే ఇక్కట్లలో ఎక్కువ వాటికి మూలం పాడైన డ్రైవూ కాదు, నాసిరకం డిస్కూ కాదన్నది ఇన్నేళ్ల అనుభవంతో నేను వచ్చిన నిర్ణయం. మ్యూజిక్ సీడీని ఫైళ్ల సంచీగా ఊహించుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఆ ఊహను మనకు అలవాటు చేసింది సాఫ్ట్‌వేరే. ఆ మీదట "విజయవంతంగా పూర్తయింది" అని తెర మీద కనిపించిన వాక్యాన్ని మనం సాక్ష్యంగా స్వీకరిస్తాం. ఈ పని మొత్తంలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగిన వాక్యం అదే.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే డిస్కు నిర్మాణంలోకి కొంచెం దిగాలి. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలిసి 1980లో ఖరారు చేసిన రెడ్ బుక్ అనే మ్యూజిక్ సీడీ ప్రమాణం కంప్యూటర్ల కోసం రాసినది కాదు. 1982లో మొదటి సీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చినప్పుడు ఆ డిస్కు అచ్చంగా గ్రామఫోను రికార్డుకు వారసురాలు. లోపలి అంచు నుంచి వెలుపలికి ఒకే ఒక్క సర్పిలాకారపు జాడ. ఆ జాడలో సెకనుకు 44,100 సార్లు, రెండు ఛానళ్లలో, 16 బిట్ల చొప్పున కొలిచిన ధ్వని ఆగకుండా సాగుతూ ఉంటుంది. సెకనును 75 సెక్టార్లుగా పంచారు. ఒక్కో సెక్టారులో 2,352 బైట్లుంటాయి, అవన్నీ సంగీతమే. ఆ తర్వాత ఇదే డిస్కును కంప్యూటరు డేటాకు వాడుకోవాలనుకున్నప్పుడు, అంతే పరిమాణం గల సెక్టారులో 2,048 బైట్లను మాత్రమే డేటాకు వదిలి, మిగిలిన చోటును సెక్టారు చిరునామాకూ, తప్పులను పట్టి దిద్దే అదనపు సంకేతాలకూ కేటాయించారు. ప్రోగ్రాములో ఒక్క బిట్టు తారుమారైనా అది నడవదు. పాటలో ఒక నమూనా, అంటే అలా కొలిచిన ఒక విలువ, తారుమారైతే చెవికి తెలియకుండా సర్దేయవచ్చు. కాబట్టి డేటాకు దొరికిన రెండో వరస రక్షణ సంగీతానికి దొరకలేదు.

ఇది తెలిస్తే ఒక పాత చిక్కుముడి కూడా విడిపోతుంది. 80 నిమిషాల ఖాళీ డిస్కు మీద 700 ఎంబీ అని అచ్చు వేసి ఉంటుంది. అటువంటి డిస్కులో 3,60,000 సెక్టార్లుంటాయి. డేటాగా రాస్తే దాదాపు 73 కోట్ల 70 లక్షల బైట్లు, సంగీతంగా రాస్తే దాదాపు 84 కోట్ల 70 లక్షల బైట్లు పడతాయి. అయినా 150 ఎంబీ ఎంపీ3 పాటలు ఎంచుకుని ఆడియో సీడీగా రాయబోతే చోటు చాలదని ప్రోగ్రాము మొండికేస్తుంది. అక్కడ లెక్క బైట్లది కాదు, నిమిషాలది. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) ఎంపీ3 పాట నిమిషానికి ఒక ఎంబీ కన్నా కొంచెం తక్కువే తీసుకుంటుంది కనుక, 150 ఎంబీ అంటే రెండున్నర గంటల సంగీతం. ఎనభై నిమిషాల జాడలో రెండున్నర గంటలు ఎలా పడతాయి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియక డిస్కును తిట్టినవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

ఇక డిస్కులో తప్పులు దిద్దే ఏర్పాటు అసలే లేదని కాదు. క్రాస్ ఇంటర్‌లీవ్‌డ్ రీడ్ సాలమన్ పేరుతో ఉన్న పద్ధతిలో సంగీతపు బైట్లను దూరదూరంగా చెదరగొట్టి రాస్తారు, అందువల్ల జాడ వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా, ఒక్క బిట్టు కూడా పోకుండా తిరిగి కూర్చవచ్చు. గాయం అంతకన్నా పెద్దదైతే ప్లేయరు అటూ ఇటూ ఉన్న నమూనాలను చూసి మధ్యలో ఉండదగిన విలువను ఊహించి అతుకు వేస్తుంది. ఈ అతుకు అంత నేర్పుగా ఉంటుంది కనుకనే చాలా గీతలున్న డిస్కు కూడా హాల్లో కూర్చున్నవారికి శుభ్రంగానే వినిపిస్తుంది. వినేవారికి అది మేలు. రిప్ చేసేవారికి మాత్రం అదే ముప్పు, ఎందుకంటే అతుకు పడిందన్న సంగతిని చాలా డ్రైవులు సరిగ్గా చెప్పవు, చెప్పినా చాలా ప్రోగ్రాములు అడగవు.

రెండో ముప్పు ఇంకా విచిత్రమైనది. డేటా సెక్టారులో ఉన్నట్టుగా సంగీతపు సెక్టారు లోపల దాని చిరునామా ఉండదు. స్థానం తెలిపే సమాచారం పక్కన ఉపఛానలులో నడుస్తుంది. డ్రైవు దాన్ని చూసి ఉజ్జాయింపుగా అక్కడికి చేరుకుంటుంది. పద్యాలకు అంకెలు వేయని శతకాన్ని ఇచ్చి యాభైమూడో పద్యం నుంచి చదవమంటే, కొద్దిగా ముందో వెనకో మొదలుపెట్టక తప్పదు కదా. కంప్యూటరేమో ఒకేసారి పాటంతా తీసుకోదు. కొన్ని సెక్టార్లు అడుగుతుంది, హార్డ్ డిస్కులో రాసుకుంటుంది, మళ్లీ అడుగుతుంది. ఆపిన చోటే సరిగ్గా మొదలుకాకపోతే కొన్ని నమూనాలు రెండుసార్లు వస్తాయి లేదా కొన్ని జారిపోతాయి, ఆ అతుకు దగ్గర టిక్కుమని శబ్దం పుడుతుంది. రిప్ చేసేవాళ్ల పరిభాషలో దీన్నే జిట్టర్ అన్నారు. తొలినాళ్ల డ్రైవుల్లో ఇది ఎంత ఎక్కువగా ఉండేదంటే, 1990ల చివరలో లైనక్స్ మీద వచ్చిన సీడీపారానోయా అనే ప్రోగ్రాము ప్రతి భాగాన్నీ ముందు భాగంతో కొంత కలిసేలా అతివ్యాప్తం చేసి చదివి, ఆ కలిసిన చోట బైట్లను సరిచూసుకుని మరీ అతికేది. పారానోయా అంటే మితిమీరిన అనుమానం, ఆ పేరు ఊరికే పెట్టినది కాదు.

ఆ రోజుల్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది: "పాట కంప్యూటరులో చక్కగా వినిపిస్తోంది కదా, రిప్ చేస్తే మాత్రం గరగరలెందుకు?" వినిపించిన పాట, రిప్ అయిన పాట వేర్వేరు దారుల్లో ప్రయాణించేవి. పాత కంప్యూటర్లలో డ్రైవు వెనక నుంచి సౌండ్ కార్డుకు ఒక సన్నని అనలాగ్ తీగ ఉండేది. పాట వినేటప్పుడు డ్రైవు తానే చిన్నపాటి సీడీ ప్లేయరై, అతుకులన్నీ వేసుకుని ఆ తీగ గుండా ధ్వనిని పంపేది. కంప్యూటరు చేతికి ఒక్క బైటూ వచ్చేది కాదు. కాబట్టి విన్నంత మాత్రాన డ్రైవు బైట్లను సరిగ్గా ఇస్తోందని రుజువైనట్టు కాదు.

ఇంత ఖచ్చితంగా మాట్లాడుతున్నానంటే మొదటి నుంచీ నాకివన్నీ తెలుసని కాదు. చాలా ఏళ్ల క్రితం నా దగ్గరున్న రెండు వందల పైచిలుకు సీడీలను పదిహేను రోజుల్లో రిప్ చేసి, అలమర ఖాళీ అయిందన్న సంబరంలో డిస్కులన్నీ ఇంటికొచ్చినవారికల్లా పంచిపెట్టాను. ప్రోగ్రాము ఎలా వచ్చిందో అలాగే వాడాను, ఒక్క సెట్టింగూ తెరిచి చూడలేదు. ఏడాది తర్వాత మంచి హెడ్‌ఫోన్లు కొని నింపాదిగా వినడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. ఒక పాటలో టిక్కులు, మరో పాటలో ఒక చరణం మధ్య అరసెకను మాయం, ఒక వాయిద్య కచేరీలో చివరి రెండు నిమిషాలు నిశ్శబ్దం. పైగా అన్నీ 128 కేబీపీఎస్. అప్పుడు వెళ్లి చూస్తే సెట్టింగుల్లో మూడో పేజీలో చదివేటప్పుడు తప్పుల దిద్దుబాటు వాడాలా అన్న గడి ఒకటుంది, అది ఖాళీగా ఉంది. రెండు వందల సార్లు "పూర్తయింది" అని చెప్పిన ఆ ప్రోగ్రాము అబద్ధం ఆడలేదు. దాని దృష్టిలో పని నిజంగానే పూర్తయింది. పని సరిగ్గా అయిందా అని అది ఎన్నడూ పరిశీలించలేదు, నేనూ అడగలేదు.

అందుకే రిప్ చేయడమంటే కాపీ చేయడం కాదని, చదవడమని నేను పట్టుబడతాను. కాపీ అయితే మూలం, నకలు పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. చదివినప్పుడు పోల్చడానికి మూలం మన చేతిలో ఉండదు. మళ్లీ చదివి, రెండు చదువులూ కలిశాయా అని చూడటమొక్కటే దారి. ఎక్సాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాములో సెక్యూర్ మోడ్ చేసే పని ఇదే: ప్రతి సెక్టారునూ కనీసం రెండుసార్లు చదువుతుంది, తేడా వస్తే మళ్లీ మళ్లీ చదివి ఎక్కువసార్లు వచ్చిన ఫలితాన్ని తీసుకుంటుంది, అప్పటికీ తేలకపోతే ఫలానా నిమిషం ఫలానా సెకను దగ్గర అనుమానముందని నివేదికలో రాస్తుంది. అక్కడ కూడా ఒక మోసానికి అవకాశముంది. చాలా డ్రైవులు ఇప్పుడే చదివిన భాగాన్ని తమ కాషేలో, అంటే తాత్కాలిక జ్ఞాపకంలో, దాచుకుంటాయి. రెండోసారి అడిగితే డిస్కు వైపు చూడకుండా ఆ దాచుకున్నదే తిరిగి అప్పజెబుతాయి. తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి మళ్లీ చేయమంటే, పాత కాగితమే తిరిగి చేతికిచ్చినట్టన్నమాట. రెండు జవాబులూ కలుస్తాయి, లెక్క మాత్రం తప్పే. డ్రైవుకు ఆ అలవాటు ఉందో లేదో ప్రోగ్రాము చేత పరీక్ష చేయించి, ఉంటే ఆ కాషేను దాటవేసే సెట్టింగు పెట్టుకోవాలి. ఈ ఒక్క అడుగు వదిలేస్తే సెక్యూర్ మోడ్ పేరుకే మిగులుతుంది.

ఆక్యురేట్‌రిప్ అనే ఏర్పాటు ఇంకొక మెట్టు పైది. అదే డిస్కును తమతమ డ్రైవుల్లో రిప్ చేసినవారి ట్రాకుల చెక్‌సమ్‌లు (ట్రాకులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టిన సంఖ్యలు) ఒక చోట పోగుపడి ఉంటాయి. మన ట్రాకు చెక్‌సమ్ వాటితో కలిస్తే, వేర్వేరు యంత్రాలు వేర్వేరు ప్రతుల నుంచి ఒకే ఫలితానికి వచ్చాయన్నమాట. యాదృచ్ఛికంగా అందరి డిస్కులకూ ఒకే చోట ఒకే గీత పడదు కనుక దీన్ని మించిన సాక్ష్యం ఇంట్లో కూర్చుని సంపాదించలేం. అయితే పోలిక కుదరాలంటే డ్రైవు ఆఫ్‌సెట్ సరిచేయాలి. ప్రతి మోడలూ సంగీతాన్ని కొన్ని నమూనాలు ముందుకో వెనక్కో జరిపి ఇస్తుంది, ఆ జరుపు ఆ మోడలుకు స్థిరంగా ఉంటుంది. సెక్టారుకు 588 నమూనాల జతలుంటాయి; పదుల్లోనో వందల్లోనో ఉండే ఆఫ్‌సెట్ చెవికి ఎప్పటికీ తెలియదు. చెక్‌సమ్ మాత్రం పూర్తిగా మారిపోతుంది. "నా డిస్కుల్లో ఒక్కటీ కలవడం లేదు, డ్రైవు పాడైంది" అని నిరాశపడ్డ ఒక మిత్రుడి ఇబ్బంది ఒకే ఒక అంకె మార్చడంతో తీరిపోయింది. అన్నీ ఒకే తీరుగా విఫలమవుతున్నాయంటే లోపం డిస్కుల్లో ఉండదని అనుమానించడమే అక్కడ జరగవలసిన మొదటి ఆలోచన.

ఇప్పుడు అందరూ ఉచితంగా ఇచ్చే సలహాల సంగతి. "స్పీడు తగ్గించు" అన్నది వాటిలో మొదటిది. ఇందులో సగం నిజముంది. 52ఎక్స్ డ్రైవు (మామూలు సీడీ వేగానికి 52 రెట్లు) పూర్తి వేగంలో డిస్కును నిమిషానికి సుమారు పదివేల సార్లు తిప్పుతుంది. మొట్టమొదటి ప్లేయర్లలో ఆ వేగం లోపలి అంచు దగ్గర 500, వెలుపల 200 ప్రాంతంలో ఉండేది. సమతూకం లేని డిస్కు, ముఖ్యంగా ఒక పక్కకు జరిగి అంటించిన కాగితపు లేబులున్న డిస్కు, ఆ వేగానికి కంపించిపోతుంది. కాబట్టి రిప్ చేసేటప్పుడు అనుమానమున్న డిస్కుకు వేగం తగ్గించి చూడటం న్యాయమే. రైట్ చేసేటప్పుడు మాత్రం "ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిది" అన్న నమ్మకం పాత డిస్కుల కాలం నాటిది. అధిక వేగానికి తయారుచేసిన డిస్కులోని రంగు పూత ఆ వేగానికి తగ్గ లేజరు ఉష్ణాన్ని ఆశిస్తుంది. నా మట్టుకు నేను 16ఎక్స్, 24ఎక్స్ మధ్య ఆగుతాను.

డిస్కు తుడవడంలో కూడా తెలియక చేసే తప్పొకటుంది. గ్రామఫోను రికార్డు అలవాటు కొద్దీ గుండ్రంగా తుడుస్తాం. జాడ వెంబడి పడ్డ గీత వరసగా ఎక్కువ బైట్లను మింగేస్తుంది. జాడకు అడ్డంగా పడ్డ గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి బైట్లను మాత్రమే తాకుతుంది, వాటిని దిద్దుబాటు పద్ధతి సులువుగా పూరిస్తుంది. అందుకే మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవాలి. ఇంకో సంగతి: మనం ప్రాణంగా కాపాడుకునే మెరిసే పక్క కన్నా, నిర్లక్ష్యంగా బల్ల మీద బోర్లించే లేబులు పక్కే సున్నితమైనది. మెరిసే పక్క 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ కవచం ఉంటుంది. లేబులు పక్క అద్దం లాంటి లోహపు పూత మీద పల్చని లక్క పొర మాత్రమే. డిస్కును దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే సూదిమొన లాంటి వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ పూత రాలిపోయిందని అర్థం. కింది పక్కను ఎంత మెరుగుపెట్టినా అక్కడ చదవడానికి ఏమీ మిగల్లేదు.

కొన్నిసార్లు డ్రైవూ డిస్కూ రెండూ నిర్దోషులే అవుతాయి. ఒక మిత్రుడి విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరులో రిప్పింగు నత్తనడక నడిచేది, ఆ సమయంలో మౌసు కూడా కదలనని మొరాయించేది. ఆయన డ్రైవు మార్చారు, ర్యామ్ పెంచారు, చివరికి మళ్లీ ఎక్స్‌పీ ఎక్కించబోతుంటే నన్ను పిలిచారు. డివైస్ మేనేజరులో డ్రైవును కలిపే ఐడీఈ ఛానలు తెరిస్తే డీఎంఏ (ప్రాసెసరు మోయకుండానే డేటా నేరుగా మెమరీకి వెళ్లే పద్ధతి) ఉండవలసిన చోట పీఐఓ అని ఉంది. ఎక్స్‌పీలో ఒక నియమం ఉండేది: డ్రైవుతో మాట్లాడేటప్పుడు మొత్తం మీద ఆరు టైమవుట్లో, డేటా చెడినట్టు తెలిపే సీఆర్‌సీ ఎర్రర్లో ఎదురైతే అది బదిలీ వేగాన్ని ఒక మెట్టు దించేది, అలా దించుతూ దించుతూ ప్రతి బైటునూ ప్రాసెసరే స్వయంగా మోయవలసిన పీఐఓ దాకా తెచ్చి, తిరిగి పైకి ఎక్కించేది కాదు. గీతలు పడ్డ ఒకటి రెండు డిస్కులతో ఆయన ఒక రాత్రంతా కుస్తీ పట్టిన పాపం ఆ తర్వాత పెట్టిన ప్రతి మంచి డిస్కుకూ తగులుకుందన్నమాట. ఆ ఛానలును అన్ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును రీస్టార్ట్ చేస్తే ఐదు నిమిషాల్లో అంతా సర్దుకుంది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఏమిటంటే, తాను వేగం తగ్గించానని విండోస్ ఆయనకు ఒక్క మాటైనా చెప్పలేదు.

డ్రైవు ఉన్నట్టుండి మై కంప్యూటరులో మాయమవడం కూడా ఇలాంటిదే. రైటింగు ప్రోగ్రామును తీసేసినప్పుడు అది విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో వదిలిపెట్టిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ విలువలే చాలాసార్లు దీనికి కారణం. రిజిస్ట్రీని బ్యాకప్ తీసుకుని, సీడీ డ్రైవుల తరగతి కింద ఉన్న ఆ రెంటినీ తొలగిస్తే డ్రైవు తిరిగొస్తుంది. ఇప్పటి పల్చటి యుఎస్‌బి డ్రైవులకైతే మొదట చూడవలసింది కరెంటు. హబ్‌లో గుచ్చి నడిపితే డిస్కు వేగం అందుకునేటప్పుడు కావలసినంత విద్యుత్తు అందక డ్రైవు మధ్యలో చేతులెత్తేస్తుంది. నేరుగా కంప్యూటరు పోర్టులోనే గుచ్చాలి.

రైట్ చేయడం దగ్గరికొస్తే, ఒకప్పుడు అందరినీ హడలెత్తించిన బఫర్ అండర్‌రన్ ఈ రోజు చరిత్రే. లేజరు రాస్తూ ఉండగా డేటా అందకపోతే ఆగే వీలు లేక డిస్కు వృథా అయ్యేది. 2000లో సాన్యో బర్న్‌ప్రూఫ్ తెచ్చిన తర్వాత, ఆగిన చోటే అందుకుని రాయడం డ్రైవులు నేర్చుకున్నాయి. అప్పట్లో రైటింగు నడుస్తుంటే ఆ గదిలో గట్టిగా నడవడానికి కూడా జంకేవాళ్లం. ఇప్పుడు మిగిలిన చిక్కులు చాలా వరకు ఎంపికల్లోనే ఉన్నాయి. "కంప్యూటరులో పాడుతోంది, పాత ప్లేయరులో పాడటం లేదు" అనేవారిని నేను మొదట అడిగేది ఆడియో సీడీగా రాశారా, ఎంపీ3 ఫైళ్లను డేటా సీడీగా రాశారా అని. తర్వాత అడిగేది డిస్కును ఫైనలైజ్ చేశారా అని. రాసిన ట్రాకుల విషయసూచిక ఫైనలైజ్ చేసినప్పుడే డిస్కు మొదట్లో ఉండే లీడ్-ఇన్ భాగానికి ఎక్కుతుంది. మామూలు ప్లేయరు అక్కడ తప్ప ఇంకెక్కడా వెతకదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే డిస్కు సీడీ-ఆర్‌డబ్ల్యూ కాదు కదా అని చూస్తాను. అచ్చు వేసిన సీడీ లేజరు కాంతిలో 70 శాతాన్నయినా తిప్పి పంపుతుంది, ఒక్కసారే రాయగల సీడీ-ఆర్ కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. తిరగరాయగల డిస్కు పంపేది 15 నుంచి 25 శాతమే. పాత ప్లేయరు కంటికి అది ఖాళీ పళ్లెంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రం లోపం నిజంగా వస్తువుల్లోనే ఉంటుంది. రాయడానికి ముందు డ్రైవు డిస్కు లోపలి అంచులో ఇందుకోసమే కేటాయించిన చోట లేజరు శక్తిని పరీక్షించుకుంటుంది. ఆ డిస్కుకు సరిపడే శక్తి ఎంతో దానికి తేలకపోతే ఈ ఎర్రర్ ఇస్తుంది. వేరే రకం డిస్కు పెట్టి చూడాలి. దానితోనూ అదే వస్తే లేజరుకు వయసు మీరిందనుకోవచ్చు.

పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల మౌనం వస్తోందన్నది మరో ఫిర్యాదు. ట్రాక్ ఎట్ వన్స్ పద్ధతిలో ప్రతి ట్రాకు తర్వాత లేజరు ఆగి మళ్లీ మొదలవుతుంది కనుక ఆ విరామం వస్తుంది. కచేరీ లాంటి ఎడతెగని రికార్డింగును డిస్క్ ఎట్ వన్స్ పద్ధతిలో, విరామాన్ని సున్నాకు దించి రాయాలి. మూలం ఎంపీ3 అయితే అంత చేసినా చిన్న తొట్రుపాటు మిగలవచ్చు, ఎందుకంటే ఎంపీ3 1,152 నమూనాల కట్టలుగా మాత్రమే నిల్వ చేయగలదు, అందుకోసం పాట మొదట్లోనూ చివరలోనూ నిశ్శబ్దాన్ని కూరుతుంది. మరో అపోహనూ ఇక్కడే తీర్చేయాలి: ఎంపీ3 పాటలను ఆడియో సీడీగా రాసి, దాన్ని తిరిగి నాణ్యత తగ్గించని ఫ్లాక్ రకం ఫైలుగా రిప్ చేస్తే నాణ్యత తిరిగి రాదు. పిండి చేసిన గింజలను బస్తాలో పోసి కుట్టేసినంత మాత్రాన మళ్లీ గింజలవుతాయా? ఫైలు పెద్దదవుతుంది, అంతే.

రాసిన డిస్కును వెరిఫై చేసే గడి చాలా ప్రోగ్రాముల్లో డేటా డిస్కులకే పని చేస్తుంది. ఆడియో డిస్కుకు నేను చేసే పరీక్ష మోటుదే: రాసిన వెంటనే దాన్నే, వీలైతే వేరే డ్రైవులో, సెక్యూర్ మోడ్‌లో రిప్ చేసి మూలంతో పోలుస్తాను. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది. ఇవ్వబోయేది ఎవరికైనా కానుక అయితే ఆ పావుగంట నాకు ఎక్కువనిపించదు.

అన్నీ సరిగ్గా చేసినా రిప్ కాని డిస్కులు కొన్ని ఉంటాయి, వాటి విషయంలో తప్పు వినియోగదారుడిది కానే కాదు. కాపీ కాకుండా ఆపాలని కంపెనీలే కావాలని ప్రమాణాన్ని వక్రీకరించిన డిస్కులవి. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన కొన్ని డిస్కుల్లో ఎక్స్‌సీపీ అనే ప్రోగ్రాము కంప్యూటరులోకి రూట్‌కిట్‌లా చొరబడి దాక్కుంటోందని ఆ ఏడాది అక్టోబరు 31న విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ బయటపెట్టారు. గొడవ ముదిరాక నవంబరులో కంపెనీ ఆ డిస్కులను వెనక్కు తీసుకుంది. ఆటోరన్ ఆపేసుకున్నవారికి ఆ బెడద తగల్లేదు. అప్పటి నుంచి ఏ డిస్కు తనంతట తాను ఏదైనా నడపబోయినా నేను ఒప్పుకోను.

ట్రాకుల పేర్ల గొడవ మీద ఎక్కువ చెప్పను. 1996లో వచ్చిన సీడీ-టెక్స్ట్ ఉన్న కొన్నిటిని మినహాయిస్తే డిస్కులో పేర్లే ఉండవు. ప్రోగ్రాము ట్రాకుల నిడివులను బట్టి ఇంటర్నెట్టులోని జాబితాలో వెతుకుతుంది. అందుకే ఒక్కోసారి భక్తి పాటల డిస్కుకు రాక్ ఆల్బమ్ పేరు వచ్చి పడుతుంది. అటువంటి జాబితా అయిన ఫ్రీడీబీ 2020లో మూతపడింది కనుక పాత ప్రోగ్రాములు పేర్లు దొరకలేదంటే ఆశ్చర్యపోకుండా, మ్యూజిక్‌బ్రెయిన్జ్ జాబితాను వాడే ప్రోగ్రాముకు మారాలి.

ఇంత శ్రమ దేనికి, ఒక సెకనులో నలభై నాలుగు వేల నమూనాల్లో ఒకటి తప్పితే ఎవరికి వినిపిస్తుంది, పైగా పాటలన్నీ ఫోనులో దొరుకుతున్నాయి కదా అని నన్ను ఎగతాళి చేసేవారున్నారు. ఒక నమూనా తప్పితే నాకూ వినిపించదు, ఒప్పుకుంటాను. కాని ఎంత తప్పిందో తెలియకపోవడమే నా అభ్యంతరం. పరీక్షించని రిప్‌లో ఒక నమూనా పోయి ఉండవచ్చు, చివరి రెండు నిమిషాలూ పోయి ఉండవచ్చు; ఫోల్డరులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక ఫోనులో దొరకడం అన్నది దొరికే పాటల విషయంలో నిజం. ఇంట్లో ఎవరో పాడగా రికార్డు చేసి రాసుకున్న సీడీ-ఆర్ ఏ సేవలోనూ దొరకదు. అందులోని రంగు పూత కూడా వెలుతురుకూ వేడికీ ఏటేటా కొంత వెలిసిపోతూ ఉంటుంది. అటువంటి డిస్కు ఈ ఏడాది చదవగలిగినంత బాగా వచ్చే ఏడాది చదవలేకపోవచ్చు.

బావగారి అరవై డిస్కులకూ మాకు మూడు వారాలు పట్టింది. యాభై ఏడు డిస్కుల్లో ప్రతి ట్రాకూ సరిపోయింది. రెండు డిస్కులు నా డ్రైవులో మొండికేసి, ఆయన ఇంట్లోని పాత డ్రైవులో ఏ తడబాటూ లేకుండా వచ్చాయి. చివరిదాన్ని తుడిచి, వేగం తగ్గించి, మూడు డ్రైవులు మార్చి చూసినా ఏడో ట్రాకులో ఒక చోట ఏ రెండు చదువులూ కలవలేదు. అది ఆయన చెల్లెలు పెళ్లికి ముందు పాడిన పాటట. ఉన్నవాటిలో మెరుగైనదాన్ని ఉంచి, ఆ ఫోల్డరులో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో ఇలా రాశాను: "ఏడో ట్రాకు, 2 నిమిషాల 41 సెకన్ల నుంచి 43 దాకా అనుమానం. డిస్కు పారేయవద్దు."